ముత్తాతగారి తొలి చాలు

ఆ రోజు పొద్దున ఇన్‌స్పెక్టర్‌గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, పొలానికి వెళ్లాలి, పెద్ద బండ దగ్గర నుంచి వాగు ఒడ్డు దాకా నాగలితో ఒకే ఒక్క చాలు తీయాలి, ఇంటికొచ్చి స్నానం చేసి భోజనానికి కూర్చోవాలి. ఆ తర్వాత కాస్త నడుం వాల్చే వెసులుబాటు కూడా ఆ పథకంలో ఉంది. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందన్న సంగతి ఆయనకు తెలియక కాదు. దైవం కూడా లెక్క ప్రకారమే నడుస్తుందని ఆయన నమ్మకం.

"మీరు జన్మలో ఎప్పుడైనా నాగలి పట్టారా?" అంది భార్య, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

"ఉద్యోగమంతా త్రాసు పట్టాను. నాగలిదేముంది?"

"త్రాసును ఎడ్లు లాగవు కదండీ."

ఇన్‌స్పెక్టర్‌గారు కాఫీ మీద దృష్టి పెట్టారు.

ఆయన తూనికలు, కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం పోయినా పిలుపు పోలేదు. ఆయన సంచీ పట్టుకుని బజారుకు వస్తే కూరగాయల వాళ్లు ఇప్పటికీ తక్కెడ తుడుచుకుంటారు. ఎవరైనా "సుమారుగా" అన్నారంటే ఆయనకు ఒళ్లు మంట. కొడుకు పుట్టినప్పుడు పిల్లవాడి ముఖం చూడకముందే ఆస్పత్రి త్రాసు సరిగ్గా ఉందో లేదో చూసిన మనిషి. అలాంటి మనిషి, పోయి ఎంతో కాలమైన తన ముత్తాతగారి జీవితాన్ని వెలికితీసే పనికి పూనుకున్నారు. అందులో సుమారుగా కానిది ఒక్కటీ లేదు.

ముత్తాతగారు అక్కడికి వచ్చే నాటికి, ఇప్పుడు ఊరున్న నేలంతా ముళ్లపొదలు, రాళ్లు. చుట్టుపక్కల ఎక్కడా పొయ్యి పొగైనా కనిపించేది కాదు. ఆయన భార్యతో, ఒక జత ఎడ్లతో వచ్చి, పొదలు కొట్టి, రాళ్లు ఏరి, తొలి చాలు దున్నాడు. ఆయనను చూసి మరొకరు, వాళ్లను చూసి ఇంకొకరు వచ్చారు. అలా వీధులు వెలిశాయి, బజారు వెలిసింది, చివరకు రైతు సంఘం ఒకటి వెలిసి, దానికొక అధ్యక్షుడూ వెలిశాడు. ఆ అధ్యక్షుడికి, తొలి రైతు పేరిట ఒక రాయి నిలబెట్టి తన చేతుల మీదుగా ముసుగు తీయాలన్న కోరిక పుట్టింది. వివరాలు సేకరించే భారం ఇన్‌స్పెక్టర్‌గారి మీద పడింది.

ఏడాది పాటు ఆయన చుట్టాల ఇల్లిల్లూ తిరిగారు. పొడుగువాళ్లు ముత్తాత పొడుగని చెప్పారు, పొట్టివాళ్లు పొట్టి అన్నారు. కోపిష్టివాళ్లు ఆయనకు ముక్కు మీద కోపమన్నారు. బట్టతల వాళ్లయితే ఏకంగా తమ తల చూపించి, ఇదిగో ఇదే ఆధారం అన్నారు. అందరూ ఏకాభిప్రాయంతో చెప్పింది ఒకటే. ముత్తాత చాలు తీస్తే దారం పట్టినట్టు ఉండేదట. అధ్యక్షుడికి ఈ మాట ఎంత నచ్చిందంటే, ఆగలేక రాయి మీద ముందే చెక్కించేశాడు: "దారం పట్టినట్టు తిన్నగా తొలి చాలు దున్నిన మహారైతు." ఆ చాలు వాగు ఒడ్డున ముగిసిన చోటే రాయి నిలబెట్టాలని తీర్మానం. ఇక ఆ చోటు ఎక్కడో తేలడమే తరువాయి.

చిక్కంతా అక్కడే ఉంది. తాతగారు పొలాన్ని ఇద్దరు కొడుకులకు పంచినప్పుడు తన తండ్రి దున్నిన ఆ తొలి చాలునే హద్దు చేశారు. దాని మీదే గట్టు వేశారు. కుడివైపు పెద్దకొడుకుది, ఎడమవైపు చిన్నకొడుకుది. ఇప్పుడు కుడివైపు పొలం ఆ పెద్దకొడుకు కొడుకైన అన్నయ్యది, ఎడమవైపుది ఇన్‌స్పెక్టర్‌గారిది. కానీ ఆ గట్టు దారం పట్టినట్టు లేదు. పెద్ద బండ దగ్గర బుద్ధిగా మొదలై, పోనుపోను ఎడమకు ఒరిగి, వాగు చేరేసరికి ఇన్‌స్పెక్టర్‌గారి పొలంలో మంచి ముక్కను మింగి కూర్చుంది. చాలు తిన్నగా ఉన్నప్పుడు గట్టు వంకర ఎలా అయింది? మధ్యలో ఎవరో జరిపి ఉండాలి. ఎవరికి లాభమో వాళ్లే జరిపి ఉండాలి. అంటే పెదనాన్నే.

ఇన్‌స్పెక్టర్‌గారు ఈ లెక్కను మనసులో ఉంచుకుని ఉంటే బాగుండేది. పెదనాన్న పోయిన కొత్తలో, బంధువులంతా భోజనాల దగ్గర ఉండగా, పొలం ప్రస్తావన వచ్చి, "కొలిస్తే తెలుస్తుంది పెదనాన్న ఎంత జరిపాడో" అన్నారు. అన్నయ్య తన ముందున్న కంచం పక్కకు నెట్టి, చేయి కడుక్కుని, లేచి వెళ్లిపోయాడు. అంతే, ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

చిన్నప్పుడు ఆ ఇద్దరూ ఒకే దుప్పటి కింద పడుకున్నవాళ్లు. ఒకే సైకిలు తొక్కినవాళ్లు. తమ్ముడు కిటికీ అద్దం పగలగొడితే అన్నయ్య తానే పగలగొట్టానని చెప్పి దెబ్బలు తిన్నవాడు. భోజనాల దగ్గర అన్న మాటకు ఇన్‌స్పెక్టర్‌గారు అప్పుడే నొచ్చుకున్నారు, ఇప్పటికీ నొచ్చుకుంటూనే ఉన్నారు. కానీ నిజమని నమ్మిన మాటను వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు. అందుకని ఆయన తనకు తోచిన దారి వెతుక్కున్నారు. నిజం ఏమిటో నిరూపిస్తే అన్నయ్య ఒప్పుకుంటాడు. ఒప్పుకుంటే తాను క్షమిస్తారు. క్షమిస్తే ఇద్దరూ మళ్లీ ఒక్కటవుతారు. తప్పంతా ఎదుటివాడిదే అనుకుని వేసుకున్న సంధి పథకం గనుక అది ఆయనకు ఎంతో న్యాయంగా కనిపించింది.

తొందర పడటానికి ఇంకో కారణం ఉంది. వాళ్ల మేనత్త. ముత్తాతను కళ్లారా చూసిన మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. బజారు వీధిలో రెండు గదుల ఇంట్లో ఉంటుంది. పొద్దున ఒక మేనల్లుడు వచ్చి చూసి పోతాడు, సాయంత్రం ఇంకొకడు వస్తాడు. ఎదురుపడకుండా ఆ వేళలు ఎవరు పంచారో ఆమెకు తెలియదు. ఎందుకు మాట్లాడుకోరని అడిగితే ఇద్దరూ గోడకేసి చూస్తారు. ఈ మధ్య ఆమెకు ఆయాసం ఎక్కువైంది. రాయి పండుగకు రమ్మని అధ్యక్షుడు వెళ్లి పిలిస్తే, "ఒకడు ఈ చెయ్యి, ఒకడు ఆ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే వస్తాను. లేకపోతే ఈ గదిలోంచి మీరు నన్ను ఒకేసారి తీసుకెళ్దురుగాని" అంది. ఆ మాట విన్నాక ఇన్‌స్పెక్టర్‌గారికి నిద్ర పట్టలేదు.

అందుకే ఈ చాలు. బండ దగ్గర నాగలి దింపి సూటిగా వాగు దాకా దున్నితే ముత్తాత అడుగులు ఎక్కడ పడ్డాయో లోకానికి కనిపిస్తుంది. చాలు కొంత దూరం అన్నయ్య పొలంలోంచే వెళ్లాల్సి వస్తుంది, అన్నయ్య సరిగ్గా గట్టు పక్కనే టమాటా నారుమళ్లు పోసి ఉంచాడు. కానీ నిజానికి దారి ఇవ్వడం నారు ధర్మమని ఇన్‌స్పెక్టర్‌గారు సర్దిచెప్పుకున్నారు.

ట్రాక్టర్లు వచ్చాక చుట్టుపక్కల ఎడ్లు లేవు. ఉన్నది ఒక్క జత, గానుగాయన దగ్గర. పాతపద్ధతి నూనె కావాలనేవాళ్ల కోసం ఆయన ఇంకా ఎడ్ల గానుగ ఆడిస్తున్నాడు. ఒకప్పుడు ఆయన నూనె కొలిచే డబ్బాలను ఇన్‌స్పెక్టర్‌గారు తనిఖీ చేసేవారు. ఆ భయం ఇంకా తీరలేదు గనుక కాదనలేకపోయాడు. అటక మీది పాత నాగలి కూడా దింపి ఇచ్చాడు. కాని ఎడ్లను బండ దగ్గరికి తోలుకొచ్చాక గొణిగాడు.

"అయ్యా, ఇవి తిరిగే ఎడ్లండి. నడిచే ఎడ్లు కావు."

"తిరగడమంటే నడవడం కాదా?"

"నడవడమేనండి. కాకపోతే..."

"మరింకేం? కాడి కట్టు."

కాడి కట్టినా ఎడ్లు కదల్లేదు. గానుగాయన నిట్టూర్చి వాటి కళ్లకు గంతలు కట్టాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గంతలు కడితేనే పని అని తెలిసిన ఎడ్లు, వెంటనే కదిలాయి. "వాకిట్లో గింజలు ఆరబోసి వచ్చానండి, కోళ్లు తినేస్తాయి. ఒక్క చాలే కదా, కానివ్వండి" అని ఆయన వెళ్లిపోయాడు. ఎలా నడిపించాలో అడిగిన ఇన్‌స్పెక్టర్‌గారు ఎలా ఆపాలో అడగలేదు.

ఇక్కడ ఇలా ఉండగా అక్కడ ఇంట్లో భార్యకు మనసు నిలవలేదు. ఫోను తీసి అన్నయ్య భార్యకు చేసింది. మగవాళ్లు మాట్లాడుకోవడం మానేసిన ఇన్నేళ్లలో ఆ తోడికోడళ్లిద్దరూ మాట్లాడుకోని రోజు లేదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, వాళ్ల మొగుళ్లకు తప్ప.

"అక్కా, ఈయన నాగలి కట్టించుకుని పొలానికి వెళ్లారు. ముత్తాతగారి చాలు ఎక్కడుందో దున్ని తేలుస్తారట. పడి నడుం విరగ్గొట్టుకుంటారేమోనని భయంగా ఉంది. మీ పనివాళ్లు అటుంటే కాస్త ఓ కన్నేసి ఉంచమనవూ?"

"అయ్యో, ఈ వయసులో ఆయనకిదేం పనే! ఉండు, చెప్తాను" అంది అక్క.

కానీ ఎలా చెప్తుంది? ఆ ఇంటి నుంచి ఫోను వచ్చిందని చెప్పడానికి లేదు. అందుకని పక్కనున్న తమ విత్తనాల కొట్టులోకి వెళ్లి, భర్తతో చెప్పగలిగినంత వరకే చెప్పింది. "ఏమండీ, మన నారుమళ్ల దగ్గర ఎవరో నాగలి దింపారట. దారిన పోయేవాళ్లు చెప్పుకుంటున్నారు."

"ఎవరు?"

"మీ తమ్ముడేనట."

తోడికోడలి భయం, నడుం మీద బెంగ, ముత్తాత మీద భక్తి అన్నీ దారిలో జారిపోయి, అన్నయ్య చెవికి చేరింది నాగలి ఒక్కటే. తూస్తున్న విత్తనాలు తక్కెడలోనే వదిలేసి ఆయన లేచాడు. స్కూటరు తీస్తూనే అధ్యక్షుడికి ఫోను చేశాడు.

"ఏమయ్యా, రాయి పెట్టకముందే నా పొలంలో నాగలి పెట్టించావా? ఇదేనా మీ సంఘం చేసే పని?"

అధ్యక్షుడికి ఇందులో నాగలి వినిపించలేదు, పొలం వినిపించలేదు. తాను లేకుండా కార్యక్రమం మొదలైపోయిందన్నది ఒక్కటే వినిపించింది. ఆయన నెలరోజులుగా ఉపన్యాసం బట్టీ పడుతున్నాడు. గబగబా మనుషులను కేకేసి, తెల్లగుడ్డ కప్పిన రాయిని తన ట్రాక్టరు ట్రైలర్‌లోకి ఎక్కించి, తానే నడుపుకుంటూ బయలుదేరాడు. ఏమిటో ఎందుకో తెలియకపోయినా, గుంపు వెళ్తోంది గనుక వెనక ఇంకో గుంపు బయలుదేరింది. ఉపన్యాసం మరిచిపోతానేమోనని అధ్యక్షుడు లోలోపల వల్లె వేసుకుంటున్నాడేమో, ముఖం చాలా గంభీరంగా ఉంది.

బజారు వీధిలో మేనత్త గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ట్రైలర్‌లో తెల్లగుడ్డ కప్పిన నిలువు రాయి కనిపించింది, దాని వెనక మాటామంతీ లేకుండా నడుస్తున్న మనుషులు కనిపించారు.

"ఎవరికయ్యా ఆ రాయి?"

"మీవాళ్లకే పెద్దమ్మా! పొలం దగ్గరికి వెళ్తున్నాం!" అని అరిచి అధ్యక్షుడు ఆగకుండా పోయాడు.

రాయి నిలబెట్టడానికి ఇంకా నాలుగు రోజులున్నాయని ఆమెకు తెలుసు. ఇంత హడావుడిగా పొలానికి రాయి వెళ్తోందంటే అర్థం ఒకటే, అది సమాధి రాయి. మీవాళ్లంటే ఆమెకు ఉన్నది ఇద్దరే. ఇద్దరిలో ఎవడు? పొద్దున వచ్చేవాడా, సాయంత్రం వచ్చేవాడా? ఆమె లేచి వీధి దాటింది. ఎదురింటి ముందు ఆగిన పాల వ్యాను తలుపు తానే తీసుకుని ఎక్కి కూర్చుని, "పొలానికి పోనీ" అంది. ఆమె ముఖం చూశాక వ్యానువాడు మారు మాట్లాడలేదు.

పొలంలో ఇన్‌స్పెక్టర్‌గారి పరిస్థితి మాటల్లో చెప్పేది కాదు. మొదటి పది అడుగులు చాలు సూటిగానే వచ్చింది. గుండె పొంగింది. ఆ తర్వాత ఎడ్లకు తమ జీవితం గుర్తొచ్చింది. ఏళ్ల తరబడి ఎడమకు తిరిగి తిరిగి, లోకమంటేనే ఎడమవైపు అనుకునే జీవాలవి. అవి ఎడమకు లాగాయి. ఆయన నాగలి మేడి పట్టుకుని బలమంతా పెట్టి కుడికి తోశారు. అవి మళ్లీ లాగాయి, ఆయన మళ్లీ తోశారు. ఆ పంతానికీ ఈ పంతానికీ మధ్య నాగలి తన దారి తాను చూసుకుంది. మొదటి నారుమడి పోయింది. రెండోది పోయింది. నీళ్లు పారే సన్న గొట్టాలు నాగలి కర్రుకు చుట్టుకుని పాముల్లా వెంట వస్తున్నాయి. దిష్టిబొమ్మకు తొడిగిన పాత చొక్కా ఎగిరొచ్చి కాడికి తగులుకుంది.

"ఆగు!" అన్నారు ఇన్‌స్పెక్టర్‌గారు. ఒకప్పుడు ఆ గొంతుకు బజారు బజారంతా ఆగేది. ఎడ్లకు ఆయన హోదా తెలియదు.

అప్పుడే గట్టు మీద స్కూటరు ఆగింది. "ఒరేయ్!" అన్న కేక వినిపించింది.

ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో. ఎడ్ల వెనక ఈడ్చుకుపోతూనే ఇన్‌స్పెక్టర్‌గారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా నారు తొక్కిస్తావురా? చచ్చిపోయిన మా నాన్నను దొంగన్నావు, అది చాల్లేదా నీకు?"

"అన్నయ్యా, ఆగడం లేదు!"

"నువ్వు ఆపితే అవెందుకు ఆగవు?"

"నేనెప్పుడో ఆపేశాను! అవే నన్ను నడిపిస్తున్నాయి!"

అన్నయ్య పరుగెత్తుకొచ్చి మేడి పట్టుకున్నాడు. ఇప్పుడు కుడికి తోసేవాళ్లు ఇద్దరయ్యారు. ఎడ్లు దీన్ని పెద్దగా లెక్కచేయలేదు. గానుగరోలు కంటే ఈ ఇద్దరూ తేలికే. అన్నదమ్ములిద్దరూ భుజం భుజం రాసుకుంటూ, ఒకరినొకరు తిట్టుకుంటూ, బురద కాళ్లతో పోతున్నారు.

"చేయి తీయరా, నేను చూసుకుంటా!"

"నువ్వే తీయి! నువ్వు పట్టుకున్నాక ఇంకా వంకరొస్తోంది!"

సరిగ్గా ఆ సమయానికి ట్రాక్టరు వచ్చింది. అధ్యక్షుడు చూశాడు. ఎన్నేళ్లుగానో ముఖాలు చూసుకోని అన్నదమ్ములు ఒకే నాగలి పట్టుకుని, చెమటలు కక్కుతూ, తొలి చాలు దున్నుతున్నారు. ఇంతకంటే మంచి సందర్భం ఏముంటుంది? ఆయన ట్రైలర్ ఎక్కి, గొంతు సవరించుకున్నాడు.

"సోదరులారా! ఆ మహారైతు వంశంలోని ఐక్యతకు ఇది నిదర్శనం. చూడండి, ఆ చాలు ఎంత తిన్నగా..."

చూసి, ఆగిపోయాడు. జనం మాత్రం అలవాటు ప్రకారం చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల మధ్య పాల వ్యాను ఆగింది. మేనత్త దిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ట్రైలర్‌లోని తెల్లగుడ్డను చూడలేక చూస్తూ, "ఎవరు? ఎవరు పోయింది?" అంది. ఆ గొంతు విని జనం పక్కకు జరిగారు. అవతల బురదలో ఒకరినొకరు తోసుకుంటున్న రెండు తలలు కనిపించాయి. రెండూ నెరిసినవే, రెండూ తనవే. ఆమె అక్కడే గట్టు మీద చతికిలబడి, ఇద్దరినీ మార్చి మార్చి చూసుకుని, గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషంగా మొదలై, సగంలోనే కోపంగా మారింది.

"బతికుండగానే నాకు రాయి చూపిస్తార్రా! ముసలి గుండెరా ఇది, ఆగిపోతే ఎవడు దిక్కు?"

"అత్తా, ఎడ్లు ఆగడం లేదు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. వాగు ఒడ్డు దగ్గరికొచ్చేసింది.

"గంతలు కట్టుకుని ఎలా ఆగుతాయిరా? గంతలు విప్పండి! గానుగెడ్లకు గంతలు విప్పితేనే పని అయిపోయినట్టు. మా తాత ఎడ్లూ ఇంతే!"

ఒకవైపు నుంచి అన్నయ్య, ఇంకోవైపు నుంచి తమ్ముడు పరుగెత్తి గంతలు లాగేశారు. ఎడ్లు ఆగాయి. కళ్లు చికిలించి, ముందున్న వాగును, చుట్టూ ఉన్న జనాన్ని చూసి, తమకేమీ సంబంధం లేనట్టు నిలబడ్డాయి.

అప్పుడు ఇన్‌స్పెక్టర్‌గారికి మేనత్త అన్న చివరి మాట చెవిలో పడింది.

"ఏమన్నావ్ అత్తా? ఎవరి ఎడ్లు?"

ఆమె జవాబివ్వకముందే ఆయన వెనక్కి తిరిగి చూశారు. వాళ్లు దున్నిన చాలు బండ దగ్గర సూటిగా మొదలై, పోనుపోను ఎడమకు ఒరిగి, గట్టు పక్కనే బారెడు దూరంలో, గట్టు ఎక్కడ వంగితే అక్కడే వంగి, వాగు దాకా వచ్చింది. ఎడ్లు గట్టును చూసి నడిచాయనడానికి లేదు. వాటి కళ్లకు గంతలున్నాయి. తోసినవాళ్లు కావాలని వంచారనడానికీ లేదు. చేతులు ఇంకా మండుతున్నాయి.

"మా తాత ఏం రైతురా" అంది మేనత్త. గొంతు తగ్గింది. "ఎక్కడో గానుగ ఆడించుకునేవాడు. గానుగశాల కాలిపోతే, మిగిలిన ఎడ్లను తోలుకుని ఇక్కడికొచ్చాడు. నాగలి పట్టడం ఆయనకీ కొత్తే, వాటికీ కొత్తే. ఆయన కుడికి తోసేవాడట, అవి ఎడమకు లాగేవట. ఇదిగో, ఇక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగి చూసుకుని, చాలు పక్కనే కూలబడి ఏడ్చాడట. కడుపు చేతపట్టుకుని ఇంత దూరం వచ్చి, ఒక చాలు కూడా సరిగ్గా తీయలేకపోయానే అని."

మేనత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మా నాయనమ్మ ఏమీ అనలేదట. కొంగులో గింజలు పోసుకుని, ఆ వంకర వెంబడే నడుస్తూ విత్తుకుంటూ పోయిందట. గింజకు వంకరేం తెలుసు, అందట. ఆ ఏడు వాళ్లు తిన్న తిండి ఈ చాల్లోదేరా."

"మరి దారం పట్టినట్టు అని అందరూ ఎందుకన్నారు?" అన్నాడు అధ్యక్షుడు, ట్రైలర్ మీద నుంచి బిక్కమొహంతో.

"మా నాన్నే అనేవాడు. తండ్రి ఏడ్చిన సంగతి కొడుకు పదిమందిలో చెప్పుకుంటాడా? తిన్నగా దున్నాడని చెప్పుకున్నాడు."

"ఏడాదిగా నీ చుట్టూ తిరిగాను కదా అత్తా, నాతో ఒక్క మాటైనా చెప్పలేదే!" అన్నారు ఇన్‌స్పెక్టర్‌గారు.

"నువ్వు నన్నేం అడిగావ్? ఆయన బరువెంత అని అడిగావ్."

జనంలో ఎవరో నవ్వబోయి దగ్గారు. మేనత్త ఇద్దరి వంకా చూసింది. "నన్నంటున్నారే, మీరిద్దరూ ఎందుకు మాట్లాడుకోరో నాకు ఎవడైనా చెప్పాడా?"

ఇన్‌స్పెక్టర్‌గారు తల వంచుకున్నారు. అన్నయ్యే నెమ్మదిగా అన్నాడు. "నీ అన్న గట్టు జరిపిన దొంగ అన్నాడత్తా వీడు. ఆ మాట తెచ్చి నీ చెవిన ఎలా వేయమంటావ్?"

ఇన్నేళ్లూ అన్నయ్య మౌనం కోపమనుకున్నారు ఇన్‌స్పెక్టర్‌గారు. అందులో సగం అత్త కోసమని ఇప్పుడు తెలిసింది. కిటికీ అద్దం పగిలినప్పుడు దెబ్బలు తిన్న ఆ పిల్లవాడే, ఇంకా ఇక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన బురద చేతులతోనే అన్నయ్య చేతులు పట్టుకున్నారు.

"అన్నయ్యా, పెదనాన్న పిసరంత కూడా జరపలేదు. తప్పు నాది. నన్ను క్షమించు."

"కొలిచావా?" అన్నాడు అన్నయ్య.

"లేదు. కొలవను."

అన్నయ్య వంగి, నలిగిన టమాటా నారు ఒకటి ఏరి తమ్ముడి చేతిలో పెట్టాడు. "మళ్లు మాత్రం కొలుస్తాను. పోయిన నారంతా నువ్వే మళ్లీ పోయాలి. రేపు పొద్దున్నే రా."

"వస్తాను."

"ఆలస్యం చేస్తే ఊరుకోను."

"ఒరేయ్, నన్ను లేపండి" అంది మేనత్త. ఒకడు ఈ చెయ్యి, ఒకడు ఆ చెయ్యి పట్టుకుని లేపారు. ఆమె ఇద్దరి చేతులూ వదల్లేదు.

ఈ కథ ఇక్కడితో ముగిస్తే అందరికీ బాగుండేది, కానీ ట్రైలర్‌లో రాయి ఉంది. దాని మీద "తిన్నగా" అని లోతుగా చెక్కి ఉంది. అబద్ధం రాతి మీద ఒక్క క్షణం కూడా ఉండకూడదని, ఆ మాట కొట్టేసి "వంకరగా" అని చెక్కాల్సిందేనని ఇన్‌స్పెక్టర్‌గారు అక్కడికక్కడే పట్టుబట్టారు. తండ్రి కన్నీళ్లు కప్పిపెట్టడానికి తాత చెప్పిన మాట అది, దాని మీద ఉలి పెట్టనిచ్చేది లేదని అన్నయ్య అంతే గట్టిగా పట్టుబట్టాడు. అత్తను నడిపించుకెళ్తున్నంత సేపూ ఆమె తల మీదుగా ఒకరి మీద ఒకరు అరుచుకుంటూనే ఉన్నారు.

ఆ వాదన ఇంకా తేలలేదు. రోజూ పొద్దున నారుమళ్ల దగ్గర మొదలవుతుంది, సాయంత్రానికి విత్తనాల కొట్టు ముందరి బల్ల మీదికి చేరుతుంది. వంటలు చల్లారిపోతున్నాయని తోడికోడళ్లు ఇద్దరూ వచ్చి పిలిచినా లేవరు. మేనత్త ఈ మధ్య అక్కడికే కుర్చీ వేయించుకుని కూర్చుంటోంది. ఇద్దరిలో ఎవడు నెగ్గేలా కనిపించినా వెంటనే రెండోవాడి పక్షం చేరుతుంది. వాదన తేలేదాకా ట్రైలర్‌లోని రాయిని ఎవరూ ముట్టుకోకూడదని ఆమె ఆజ్ఞ.

తన ట్రైలర్ ఖాళీ అయ్యేదాకా ఇంకే మహనీయుడికీ రాయి పెట్టకూడదని సంఘం అధ్యక్షుడు ఏకగ్రీవంగా తీర్మానం చేయించాడు.